కొండేటిలంకకి ఎనభై నాలుగు

నేలపూడి యెహెజ్కేలు గారు మూడు జనాభా లెక్కలు చేశారు. తొంభై ఒకటిలో ఒకటి, రెండువేల ఒకటిలో ఒకటి, రెండువేల పదకొండులో ఒకటి. మూడింట్లోనూ ఒక్క గడప వదల్లేదు. ఏటిగట్టు మీద పాకలు వేసుకుని బాతులు మేపుకునేవాళ్ళు ఇవాళ ఇక్కడుంటే రేపు ఇంకెక్కడో ఉంటారు. వాళ్ళని కూడా జాడ తీసి, వెంటపడి, పేర్లు రాసుకొచ్చిన మనిషి. వరికోత ప్రయోగాలు తొమ్మిది వందల పైచిలుకు చేశారు. చేలో దిగి, అయిదు మీటర్ల చదరం తాడు పట్టి కొలిచి, కోయించి, నూర్పించి, తూకం వేయించి, ఆ గట్టు మీదే చతికిలబడి ఫారం నింపి సంతకం పెట్టేవారు. దిగుబడి కాస్త తగ్గించి రాయమని పెద్ద పెద్ద కామందులు కబురు పెట్టినా గుప్పెడు గింజలు తగ్గించలేదు. ఢిల్లీ నుంచి వెండి పతకం వచ్చింది. కలెక్టరు చేతుల మీదుగా ప్రశంసాపత్రాలు రెండు.

చదివింది మాత్రం మిషన్ బడిలో పదో తరగతి. గణాంక శాఖలో అడుగున చేరి, ముప్ఫై అయిదేళ్ళు పనిచేసి, మచ్చ లేకుండా రిటైరయ్యారు. "ఎమ్మేలు చేసినవాళ్ళ ఫారాలు నేను దిద్దానండి" అని ఆయన ఎవరితో అన్నా అందులో అబద్ధం లేదు. ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా, లెక్కలు రాసే మనిషి కనక ఊళ్ళన్నీ ఆయన్ని మేస్టారనే పిలిచేవి.

ఇంత చరిత్ర ఉండబట్టే కిందటి జనవరి నెలాఖర్లో మధులత అనే అమ్మాయి రాజమండ్రి నుంచి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. గోదావరి వర్తక మండలి అని వ్యాపారస్తుల సంఘం ఒకటుంది. వాళ్ళు బిజినెస్ సెంటిమెంట్ సర్వే పెట్టారు. ఆ సర్వే మొదలు నుంచి పుస్తకం అచ్చయ్యేదాకా బాధ్యతంతా ఆ అమ్మాయిది.

"లాభనష్టాల లెక్క అడగమండి," అంది మధులత, కాఫీ గ్లాసు అందుకుంటూ. "వ్యాపారం చేసేవాళ్ళ మనసు ఎలా ఉందో అడుగుతాం. బాగుందనుకుంటున్నారా, దిగాలుగా ఉన్నారా అని."

"మనసుకి మార్కులేంటమ్మా?"

"మార్కులేనండి. బాగుందన్నవాడికి ఒకటి, అలాగే ఉందన్నవాడికి అర, బాగోలేదన్నవాడికి సున్నా. కలిపి నూటికి లెక్కేస్తాం. ఆత్రేయపురం పూతరేకులవాళ్ళు, తుని బజారువాళ్ళు, కడియం పక్క లంక నర్సరీలవాళ్ళు, ఇలా ఏడు ప్రాంతాలు. మ్యాపులో రంగులు వేస్తాం. నలభైకి తగ్గితే ఎరుపు. ఎరుపు వచ్చిన చోట్ల ఏం కావాలో, రోడ్డో కరెంటో, అది మాత్రమే అర్జీగా రాసి మండలివాళ్ళు మంత్రిగారి దగ్గరికి పట్టుకెళ్తారు. మిగతా రంగుల జోలికి పోరు."

ఆయన ఆ అమ్మాయి తెచ్చిన ప్రశ్నల కాయితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పైకి చదివారు. "రాబోవు రెండు త్రైమాసికములలో మీ వ్యాపార దృక్పథమును ఎట్లు శ్రేణీకరింతురు." చదివి, కాయితం ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇది అడిగితే ఎవరో కేసు పెట్టారనుకుని వకీలు కోసం పరిగెడతారమ్మా మావాళ్ళు."

మధులతకి నవ్వు ఆగలేదు. "హైదరాబాదులో తెలుగు చేయించారండి."

"చూస్తేనే తెలుస్తోంది." అక్కడే, ఆ కాయితం వెనకే, గుండ్రటి చేతిరాతతో ఆయన రాసిచ్చారు. ఆరు నెలల కిందటికీ ఇప్పటికీ చూస్తే మీ వ్యాపారం ఎలా ఉంది? బాగుందా, అలాగే ఉందా, బాగోలేదా? పద్దెనిమిది ప్రశ్నలు పన్నెండయ్యాయి. మూడు ఊళ్ళలో ముందుగా అడిగి చూస్తే ఎవరూ తెల్లమొహం వేయలేదు. ఏడు ప్రాంతాల్లోనూ చివరికి నిలబడింది ఆయన వాక్యాలే. ఇది కూడా చెప్పుకోవలసిన సంగతే.

ఆయనతో కలిపి ఏడుగురు పర్యవేక్షకుల్ని వేశారు. మిగతా ఆరుగురూ కింద కుర్రాళ్ళని పెట్టుకుని చేయించుకున్నారు. యెహెజ్కేలు గారు మాత్రం ఒక చోటు ఏరి కోరి అడిగారు. కొండేటిలంక. అక్కడి ఫారాలన్నీ నా చేత్తోనే నింపుతాను అన్నారు.

ఎందుకంటే కొండేటిలంకలో వీరమ్మ ఉంది. పోయిన తమ్ముడు ఐజాక్ భార్య. అరెకరం కౌలుకి తీసుకుని, పదకొండేళ్ళుగా ఒంటిచేత్తో నర్సరీ నడుపుతోంది. మామిడి అంట్లు, జామ, నందివర్ధనం. ఆ లంకలో అలాంటి చిన్న నర్సరీలు నూటపది. కడియంలో ఎకరాలకి ఎకరాలు ఉన్నవాళ్ళకి రోడ్డు పక్కనే లారీ ఆగుతుంది. వీళ్ళకి మధ్యలో కాలవ అడ్డం. దాని మీద ఉన్న ఒక్క కల్వర్టూ కిందటేడు వరదకి కూలిపోయింది. ఎవరో తాటిదుంగలు వేస్తే మనుషులూ సైకిళ్ళూ దాటుతున్నారు. లారీ అవతలే ఆగిపోతుంది. మొక్కల్ని కిలోమీటరున్నర నెత్తిన మోసుకెళ్ళాలి. మోతలో మట్టిగడ్డ పగిలిందంటే వేరు ఎండి ఆ మొక్క దారిలోనే పోతుంది. బీహారు నుంచి ఏటేటా వచ్చే షావుకార్లు రెండు విడతలు చూసి, మూడో విడత రావడం మానేశారు. వీరమ్మ కౌలు జూన్‌తో అయిపోతుంది. ఈలోగా కల్వర్టు మంజూరైందన్న కబురు వస్తే మళ్ళీ కౌలు కడుతుంది. రాకపోతే వదిలేసుకోవడమే.

సర్వే సంగతి చెప్పినప్పుడు ఆవిడ చేతిలో అంటుకత్తి అలాగే ఉండిపోయింది.

"ఎర్రరంగు వస్తే మంత్రిగారి దాకా వెళ్తుందా బావగారూ?"

"వెళ్తుంది. అర్జీలో మొదటి మాటే కల్వర్టు. మధులతమ్మ చెప్పింది."

"రాసేది మీరేనా?"

"నేనే."

"అయితే అయిపోతుందిలెండి," అంది వీరమ్మ. ఆ మాట ఆయన ఛాతీలోకి వెళ్ళి కూర్చుంది. పక్క నర్సరీ సత్తియ్య కంచె అవతల నుంచి కేకేశాడు. "ఒరేయ్ ఎవరక్కడ! వీరమ్మ కల్వర్టు తెచ్చేత్తందంట, సిమెంటు బస్తాలు దింపుకోవడానికి చోటు చూడండ్రా!"

"నీ నోటికి తాళం తెస్తాను ముందు," అంది ఆవిడ. లంక అంతా నవ్వింది.

మధులత ఇచ్చిన నియమాల పుస్తకంలో మూడో పేజీలో ఒక మాట ఉంది. ప్రశ్నలు సాయంత్రం నాలుగు తర్వాతే అడగాలి. ఎందుకో రాయలేదు. యెహెజ్కేలు గారు అది చదివి చిన్నగా తలాడించారు. ముప్ఫై అయిదేళ్ళ అనుభవంలో ఆయనకి తెలిసిన సూత్రం వేరు. పొద్దున్న ఆరింటికి గడప తొక్కినవాడే ఎన్యూమరేటరు. ఆ వేళకి మనిషి దొరుకుతాడు, తొమ్మిది దాటితే దొరకడు. మూడు జనాభా లెక్కలూ ఆయన అలాగే చేశారు. పైగా ఏడుగురిలో ముందుగా తన కట్ట రాజమండ్రి చేరాలన్న పట్టుదల కూడా ఉంది. అందులో తప్పేముంది, పనిమంతుడికి ఉండవలసిందే కదా.

ఫిబ్రవరి రెండో వారంలో ఆరు రోజులు, మంచు విడవకముందే తాటిదుంగల మీదుగా కాలవ దాటారు. నూటపది ఫారాలు. ఒక్క కొట్టివేత లేదు. ప్రతి ఫారంలోనూ పైన 'అడిగిన సమయం' అని ఒక గడి. దానిలో ఏం రాయాలి? ఉదయం అని రాస్తే నియమం తప్పినట్టు కనపడుతుంది, ఆ అమ్మాయి ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంది. శాఖలో ఇలాంటి గడులు అందరూ నియమం ప్రకారమే నింపేవారు. పని సక్రమంగా ఉంటే గడిదేముంది? నూటపదింటి మీదా 'సా. 4.30', 'సా. 5.00' అని ముత్యాల్లాంటి అంకెలు వేశారు.

సత్తియ్య గొట్టంతో మొక్కలు తడుపుతూ, నీళ్ళ ధార తప్పించి పక్కకి పెట్టి, "బాగుందండి మేస్టారూ" అన్నాడు. అటుపక్క అప్పాయమ్మ కొబ్బరిపొట్టు కలుపుతూ, "ఆ దేవుడి దయ, బాగుందండి" అంది. వీరమ్మ దగ్గరికి వెళ్ళేసరికి ఏడు కావస్తోంది. ద్రాక్షారం వైపు నుంచి బేరానికొచ్చినతను ఒకడు మోటారు సైకిలు దిగకుండానే జామ మొక్కలకేసి చూస్తున్నాడు. వీరమ్మ అతని మీదే కళ్ళుంచి, "బాగుంది బావగారూ, ప్రభువు కృప" అంది.

ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగింది. కానీ ఆయనకి ఒక నిష్ఠ ఉంది. ఎదుటివాడు చెప్పింది రాయాలి, మనకి తోచింది రాయకూడదు. ఆ నిష్ఠ మీదే వెండి పతకం వచ్చింది. 'బాగుంది' గడిలో టిక్కు పెట్టారు. లెక్క కూడే పని ఆయనది కాదు, రాజమండ్రిలో కంప్యూటరుది. మడత నలగని కట్టని అందరికంటే అయిదు రోజులు ముందుగా తీసుకెళ్ళి మధులత బల్ల మీద పెట్టారు.

"మీలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే నాకు జుట్టు ఊడేది కాదండి," అందా అమ్మాయి.

ఏప్రిల్ మొదట్లో రమ్మని ఫోనొచ్చింది. పుస్తకం తయారవుతోంది, తెలుగు ఒకసారి చూసిపెట్టాలి అని. దానవాయిపేటలో మేడమీద గది. మణిశంకర్ అని పేజీలు కట్టే అతను, నెమ్మదస్తుడు. యెహెజ్కేలు గారిని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని ఒక్కో పేజీ తెర మీద తిప్పాడు. కడ్డీల బొమ్మలు, చక్రాల బొమ్మలు. అచ్చుతప్పులు పదహారు పట్టుకున్నారాయన. అక్షరం ఇంత సన్నంగా ఉంటే నా వయసువాళ్ళు చదవలేరు, పెంచండి అంటే పెంచాడు. రెండో పేజీలో 'క్షేత్ర పర్యవేక్షణ' కింద మొదటి పేరు ఆయనదే. ఇంటిపేరు పూర్తిగా వేయించుకున్నారు.

"ఇప్పుడు చూడండి అసలుది," అని మణిశంకర్ మ్యాపు తెరిచాడు.

తుని పసుపు. ఆత్రేయపురం లేతాకుపచ్చ. కింద ఎక్కడో రెండు చోట్ల ఎరుపు. గోదావరి పాయ పక్కన ఒక చిన్న ముక్క మాత్రం వరిచేను పొట్టకొచ్చినప్పుడు ఉండేంత చిక్కటి పచ్చ.

"ఇదేంటి బాబూ?"

"మీదేనండి. కొండేటిలంక. ఎనభై నాలుగు! ఏడింట్లో ఫస్టు. మేడం గారు కవరు మీద ఫోటో కూడా మీ లంకదే వేయమన్నారు."

"తప్పు వేసుంటారు. మళ్ళీ చూడండి."

మణిశంకర్ ఇంకో పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాడు. బాగుంది, ఎనభై మూడు. అలాగే ఉంది, పందొమ్మిది. బాగోలేదు, ఎనిమిది. మొత్తం నూటపది. తప్పు లేదు. ఆ టిక్కులన్నీ తన చేతివే.

ఆ మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆయన బయటికి చూడలేదు. సరాసరి లంకకి వెళ్ళారు. సాయంత్రం అయిదవుతోంది. కాలవ గట్టు మీద టీ బడ్డీ దగ్గర సత్తియ్య బెంచీ మీద ఒంటికాలు మడిచి కూర్చున్నాడు.

"సత్తియ్యా, వ్యాపారం ఎలా ఉంది?"

"ఉంటేగా మేస్టారూ, ఎలా ఉందో చెప్పడానికి," అన్నాడు సత్తియ్య, గ్లాసు ఊదుకుంటూ. "నాలుగు వేల అంట్లు ముదిరిపోయి కూర్చున్నాయి. ఎవడికీ అక్కర్లేదు. పొయ్యిలో పెట్టుకోవాలి ఇంక."

"ఆరు నెలల కిందటికంటే?"

"సచ్చినోడిని పట్టుకుని నిన్నటికంటే ఎలా ఉన్నావని అడుగుతారేంటండీ?"

"మరి ఫిబ్రవరిలో నేనడిగితే బాగుందన్నావే!"

సత్తియ్య గ్లాసు దించాడు. హాస్యమాడుతున్నారా అన్నట్టు ఆయన మొహంలోకి చూశాడు. "తెల్లారగట్ల వచ్చి అడిగారు కదండీ. అప్పటికి బోణీయే అవలేదు. బోణీ కాకుండా బాగోలేదని నోటితో అంటే ఆ రోజు ఇంకెవడైనా గుమ్మం తొక్కుతాడా? మీకు తెలీనిదేముందండీ. మేస్టారు పెద్దోరు, మన మాట మన కాడ ఉంచి ఉన్నది రాసుకుంటారులే అనుకున్నాం."

ఆయనకి తెలుసు. ఎందుకు తెలీదు? ఆయన తల్లి ఎండుచేపల గంప పెట్టుకుని సంతలో కూర్చునేది. మొదటి బేరం తెగేదాకా గంపలో ఒక్క చేప లేకపోయినా 'లేదు' అనేది కాదు, 'వస్తున్నాయి' అనేది. ఆదివారం గుడిలో పాస్టరుగారు ఈ బోణీల పిచ్చి విడిచిపెట్టండని ప్రసంగం చేస్తే ఆమేన్ చెప్పి, సోమవారం పొద్దున్న మళ్ళీ అంతే. ఏడేళ్ళ వయసులో ఆ గంప పక్కన 'ఆకలేస్తోంది' అన్నందుకు మూతి మీద కొట్టించుకున్నవాడు. గోదావరి రెండు పక్కలా కొట్టు తెరిచే ప్రతి మనిషీ అంతేనని ఎరిగినవాడు. పొద్దుటి మాట బయటివాళ్ళ కోసమని ఎరిగినవాడు. అన్నీ ఎరిగి, ఆరు పొద్దులు వరసగా వెళ్ళి, ఆ మాటనే నూటపది కాయితాల మీద ముత్యాల్లా రాసుకొచ్చారు.

వీరమ్మ దగ్గరికి కూడా వెళ్ళి అదే అడిగారు. ఆవిడ, "బేరం ఎదురుగా ఉంది కదండీ. మీరు కళ్ళతో చూస్తున్నారు కదా అనుకున్నాను," అంది.

మర్నాటి నుంచి మూడు సాయంత్రాలు ఆయన మళ్ళీ తిరిగారు. మోకాలు వాచింది. మూడు రోజుల్లో నలభై ఆరు ఇళ్ళు తిరగగలిగారు. ఈసారి నోటుబుక్కులో, ఎప్పుడు అడిగిందీ ఉన్నదున్నట్టు వేసి రాశారు. బాగుందన్నవాళ్ళు ముగ్గురు, అలాగే ఉందన్నవాళ్ళు ఆరుగురు. ముప్ఫై ఏడుగురు బాగోలేదన్నారు. ఒకరిద్దరు ఆ మాట అని ఏడ్చారు. తనే కూడుకున్నారు. నూటికి పదమూడు. మ్యాపులో ఎరుపు కంటే ఎర్రది ఏదైనా రంగుంటే అది వేయాలి.

ఆ నోటుబుక్కు పట్టుకుని నాలుగో రోజు మధులత గదిలో కూర్చున్నారు. సంగతంతా చెప్పారు. ఆ అమ్మాయి పూర్తిగా విని, లేచి, బీరువాలోంచి కొండేటిలంక కట్ట తీసి విప్పింది.

"వీటి మీద సాయంత్రం అని ఉందండీ."

ఆ అమ్మాయి ఇంకో నాలుగు ఫారాలు తిప్పింది.

"అన్నిటి మీదా."

"గడి... గడి అలా నింపడం అలవాటమ్మా. ఆఫీసులో అలాగే..."

మధులత కుర్చీలో కూర్చుంది. "పొద్దున్న అడగొద్దని ఆ నియమం ఎందుకు పెట్టాననుకున్నారండీ? మా నాన్నది అమలాపురంలో కిరాణా కొట్టు," అంది. అంతే అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"పోనీ ఈ కొత్త లెక్క వేసుకోండమ్మా. పదమూడు. ఇది నిజం."

"నిజమేనండి. నాకు నమ్మకమే. కానీ చూడండి, సర్వే గడువు ఫిబ్రవరితో అయిపోయింది. ఇది ఏప్రిల్లో అడిగింది. అంకె ఏమొచ్చిందో తెలిశాక అడిగింది. అడిగిన మనిషి మరదలు ఆ ఊళ్ళోనే నర్సరీ నడుపుతోంది. రేపు ఎవరైనా లేచి, ఎరుపు కోసం మీరే తిప్పి రాశారంటే నేనేం చెప్పను? అప్పుడు ఆ రెండు ఎర్ర ఊళ్ళ అర్జీలు కూడా చెత్తబుట్టలో వేస్తారు. వాళ్ళేం పాపం చేశారు?"

"మంత్రిగారి తేదీ ఇంకాస్త వెనక్కి..."

"పదహారునండి. పుస్తకం పన్నెండుకి ప్రెస్సుకి వెళ్ళాలి." ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం తుడుచుకుంది. "నా చేతిలో ఉన్నవి రెండే. ఎనభై నాలుగుని అలాగే వదిలేయడం ఒకటి. అలా వదిలితే, ఆ లంకకి ఏ లోటూ లేదని మండలే అచ్చువేసి ఇచ్చినట్టు. ఇంక అయిదేళ్ళు ఎవరు కల్వర్టు అడిగినా ఈ పుస్తకం చూపిస్తారు. రెండోది, ఈ ఫారాలు చెల్లవని మీరు రాసిస్తే తీసేస్తాను. రంగు ఉండదు. ఎరుపు మాత్రం నేను వేయలేను."

మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోతే బయట ఎవరికీ తెలిసేది కాదు. పుస్తకం రెండో పేజీలో పేరు పేరులాగే ఉండేది. ఆ ఆలోచన ఆయనకి రాలేదని చెప్పడానికి లేదు. వచ్చింది. కొంతసేపు ఉంది కూడా. తర్వాత ఆయన తెల్లకాయితం అడిగి తీసుకున్నారు. ఉదయం పూట అడిగి సాయంత్రం అని రాశాననీ, ఆ నూటపది ఫారాలూ చెల్లవనీ, దీనికి బాధ్యత పూర్తిగా నాదేననీ రాసి, సంతకం చేసి, తేదీ వేశారు. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఎవరికీ సంజాయిషీ రాసివ్వని మనిషి రాసిన మొదటి సంజాయిషీ అది. చేతిరాత మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

మణిశంకర్ చిక్కటి పచ్చ తీసేసి అక్కడ బూడిదరంగు పోశాడు. పక్కన చిన్నగా 'సమాచారం చాలదు' అని వేశాడు. కవరు మీద ఫోటో మార్చి పూతరేకులు పెట్టాడు.

పదిహేనో తారీఖున పుస్తకం ఆవిష్కరణ. ఏసీ హాలు, పూలదండలు, సమోసాలు. ఏడుగురు పర్యవేక్షకులకీ శాలువాలు కప్పుతామని మండలి అధ్యక్షుడు ముందే జాబితా రాయించి పెట్టుకున్నాడు. ఆ జాబితా ఎవరూ మార్చలేదు. మొదటి పేరు పిలిచారు. యెహెజ్కేలు గారు మెట్లెక్కి, శాలువా కప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, మైకు అందుకున్నారు.

"అయ్యా, దీనికి నేను తగను. నేను కొండేటిలంకకి వేళకాని వేళలో వెళ్ళాను. కాయితం మీద అబద్ధం వేళ వేశాను. దానివల్ల ఒక ఊరు మీ పుస్తకంలో లేకుండా పోయింది. ఆ ఊరికి కల్వర్టు లేదు. దయచేసి మంత్రిగారికి ఆ ఒక్క ముక్క..."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కవాడు కొట్టాడు. వరసలు వరసలుగా అందరూ కొట్టారు. అధ్యక్షుడు మైకు తీసుకుని, "చూశారండీ, ఇదీ పాతతరం! మూడు సెన్సస్‌లు చేసిన పెద్దాయన, వెండి పతక గ్రహీత, ఇంత చిన్న లోటుకి ఇంత బాధపడుతున్నారు. ఈ వినయం మనమంతా నేర్చుకోవాలి," అని, శాలువా ఆయన భుజాల మీద కప్పి, మెడ దగ్గర సర్ది, ఫోటో కోసం గట్టిగా పట్టుకున్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. వెనక వరసలో మధులత ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు రెండు ఎర్ర ఊళ్ళ అర్జీలూ వెళ్ళాయి. నెల తిరక్కుండా ఆ రెండిటికీ ఇంజనీర్లు టేపులు పట్టుకుని వచ్చారని పేపర్లో పడింది. యెహెజ్కేలు గారు తన సొంతంగా ఒక అర్జీ రాసి కలెక్టరాఫీసులో ఇచ్చారు. అక్కడ గుమాస్తా వర్తక మండలి పుస్తకం తిరగేసి, "మీ ఊరికి సమాచారం చాలదని ఉందేంటండీ?" అన్నాడు. ఆయన రసీదు తీసుకుని మెట్లు దిగారు.

మే నెలాఖర్న ఆయన లంకకి వెళ్ళేసరికి వీరమ్మ మొక్కలకి నీడ కోసం కట్టిన పచ్చవల విప్పుతోంది. అంట్లు చాలావరకు ఎండిపోయాయి. మిగిలినవాటిని కడియంలో పెద్ద నర్సరీవాళ్ళు వచ్చి చూసి, మోసుకొస్తే తీసుకుంటామంటే, దాదాపు అన్నీ మోసేసింది.

"రాలేదు వీరమ్మా," అన్నారాయన. "నా వల్లే రాలేదు."

"తెలుసండి. సత్తియ్య చెప్పాడు." వల కొస ఆయన చేతికిచ్చింది. "కాస్త ఆ చివర పట్టుకోండి, చిక్కు పడుతోంది."

ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మడతపెట్టారు. ఆవిడ తిట్టి ఉంటే ఆయనకి నిలబడ్డానికి ఆధారం దొరికేది. ఆవిడకి ఆ తీరిక లేదు. సోమవారం నుంచి కడియంలో కవర్లలోకి మట్టి నింపే పనికి వెళ్తానంది. పొద్దున్నే ఆటో వస్తుంది, లంక నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్ళు, అందరూ నిన్నటిదాకా ఎవరి నర్సరీకి వాళ్ళు యజమానులే. సత్తియ్య అయితే అప్పుడే తుని వైపు జీడితోటల్లో కాపలాకి వెళ్ళిపోయాడట.

"వచ్చే ఏడు మళ్ళీ సర్వే పెడతారమ్మా," అన్నారాయన. "మధులతమ్మ చెప్పింది. ఈసారి నేను సరిగ్గా..."

"ఎవరిని అడుగుతారండి బావగారూ?" అంది వీరమ్మ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

ఆవిడ వలచుట్ట నెత్తికెత్తుకుని గట్టుకేసి నడిచింది. తడిక వేయడానికి కూడా ఆగలేదు. లోపల రెండు అంట్లు తప్ప మేకలు తినడానికైనా ఏమీ మిగల్లేదు. యెహెజ్కేలు గారు ఖాళీ పందిరి కింద కాసేపు నిలబడి, ఆవిడ వదిలేసిన ఆ రెండు అంట్లూ చెరో చేత్తో పట్టుకుని, వెనకాలే బయల్దేరారు.